మా ఇంటి కింద తేమశాఖ

మా ఇంటి కింద ఉన్న ఖాళీకి ఒక పేరుందనీ, ఆ పేరు మీద ఒక శాఖ ఉందనీ, ఆ శాఖకో డైరెక్టరు గారున్నారనీ ఆయనొచ్చి చెప్పేదాకా మాకు తెలీదు. తెలీకుండానే ఇన్నేళ్లూ దాని మీద కాపరం చేసేశాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మాది లంక ఊరు. అటో పాయ, ఇటో పాయ, మధ్యలో మేం. వెనకటికి పెద్ద వరదొచ్చి పాకలన్నీ ఊడ్చుకుపోయాక, సర్కారు వారు ఏటిగట్టు పక్కన పన్నెండిళ్ల కాలనీ కట్టించారు. ఆ కట్టించిన ఇంజనీరెవరో గానీ బుద్ధిమంతుడు. ఒక్కో ఇంటినీ మోకాలెత్తు స్తంభాల మీద నిలబెట్టాడు. వరదొస్తే ఇంటి కింద నుంచి దాని దారిన అది పోతుంది. రానప్పుడు గాలి పోతుంది. రెండూ లేనప్పుడు కోళ్లు పడుకుంటాయి. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి, నాకు క్రమశిక్షణంటే ప్రాణం. మా ఇంటి కింద ఉన్నంత క్రమశిక్షణ నా క్లాసులో ఏనాడూ చూళ్లేదు.

ఆ గాలి పుణ్యమా అని మా నడిమి గది నేల వానాకాలంలో కూడా పొడిగా ఉండేది. అందుకని కాలనీ వాళ్లందరి ఆవకాయ జాడీలూ మా నడిమి గదిలోనే ఉండేవి. పెట్టేది కూడా మా ఆవిడే. వీరవేణి చెయ్యి పడితే ఏడాది తిరిగినా ముక్క మెత్తబడదని లంకంతా పేరు. వేసవిలో అందరూ కాయలు తెచ్చి పడేసి, "అక్కా, నీ చేత్తో కలుపు" అని వెళ్లిపోయేవాళ్లు. ఆ గదిలోకి తడి చేత్తో వెళ్లడానికి వీల్లేదు, తడి కాలితో వెళ్లడానికి వీల్లేదు. స్నానం చేసొచ్చి నేనా గుమ్మం దగ్గర కనబడితే చాలు, "హాల్ట్!" అనేది. నా దగ్గర నేర్చుకున్న మాటే. ఆ మాటకి నేనే ఆగేవాణ్ణంటే చూసుకోండి.

ఇలా ఉండగా మా జిల్లాలో ఒక పెద్దాఫీసరు గారు, త్రివిక్రమరావు గారని, ఏదో చలిదేశం వెళ్లి ఇళ్ల గురించి పరిశీలించి వచ్చారు. అక్కడి వాళ్లు ఇంటి కింద ఖాళీని నాలుగు వైపులా మూసేసి, నేల మీద ప్లాస్టిక్ పరిచి, తేమని కట్టడి చేస్తారట. అక్కడ మంచు, ఇక్కడ గోదావరి. ఆ తేడా రాయడానికి రిపోర్టులో చోటు చాలినట్టు లేదు. ఆయన తిరిగొచ్చిన కొద్ది రోజులకే 'గృహాధోభాగ తేమ నియంత్రణ సంస్థ' పుట్టింది. దానికి డైరెక్టరు ఆయనే.

మా కాలనీలో షామియానా వేశారు. త్రివిక్రమరావు గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈ క్షణాన మీ పాదాల కింద ఏం జరుగుతోందో మీలో ఎవరికైనా తెలుసా?"

"కోడి పొదుగుతోందండి," అంది మా పక్కింటి మేరీరత్నం. పొదుగుతున్నది ఆవిడ కోడే.

"తేమ!" అన్నారాయన. "కంటికి కనపడదు. చెవికి వినపడదు. నిరంతరం మీ గృహాల్ని అధోముఖంగా దెబ్బతీస్తోంది!"

జేబులోంచి ఒక పరికరం తీశారు. చివర పొడుగాటి సూది, పైన అంకెలు. వంగి మా ఇంటి కింద మట్టిలో గుచ్చారు. ఇరవై మూడు చూపించింది. ఇరవై మూడంటే ఎక్కువో తక్కువో మాకేం తెలుసు? ఆయన మొహం చూసి ఎక్కువే కాబోలనుకుని అందరం హడలిపోయాం.

నేనుండబట్టలేక లేచాను. "అయ్యా, ఇటు నుంచి అటు గాలి ఆడుతోంది కదండీ. ఇంక తేమెక్కడ నిలుస్తుందండీ?"

ఆయన జాలిగా నవ్వారు. "మాస్టారూ, అనియంత్రిత వాయువు తేమకు వాహకం. తమరిది డ్రిల్లు. ఇది సైన్సు."

కూచున్నాను.

మరుసటి వారానికే ఇటుకలొచ్చాయి. ప్రతి ఇంటి కిందా నాలుగు వైపులా గోడ లేచింది, లోపల నేలంతా నల్ల ప్లాస్టిక్ పరిచారు. ఒక పక్కన మనిషి పాకితే పట్టేంత తలుపు, దానికో తాళం. మా ఇంటి నంబరుకి 'అధో' అని తోక తగిలించి ఆ తలుపు మీద రేకు కొట్టారు. మేరీరత్నం కోడిని గుడ్లతో సహా ఖాళీ చేయించారు. అది అనధికార నివాసమట.

నెల తిరిగేసరికి సంస్థ తరఫున నూకరాజు అని ఒకతను వచ్చాడు. పాపం సన్నగా ఉంటాడని ఏరి కోరి వేశారు. పాక్కుంటూ లోపలికెళ్లి సూది గుచ్చి, పాక్కుంటూ బయటికొచ్చాడు. ఇరవై మూడు కాస్తా ముప్ఫై ఎనిమిదయింది. ఇక గోడలు పడగొట్టేస్తారని నేను సంబరపడ్డాను. ఆ సాయంత్రమే త్రివిక్రమరావు గారు కారేసుకుని వచ్చారు, మొహం వెలిగిపోతోంది.

"చూశారా మాస్టారూ! ఇన్నాళ్లూ ఈ తేమంతా గాలికి చెదిరిపోయి ప్రభుత్వం దృష్టికి రాకుండా తప్పించుకు తిరిగింది. గోడలు కట్టబట్టి పట్టుకోగలిగాం. ఇక దీన్ని వెలికితీయడమే తరువాయి."

వెలికితీయడానికి ఒక యంత్రం దిగింది. గాలిలో తేమని పీల్చి నీళ్లు చేసి బకెట్లో పోస్తుంది. నూకరాజుని 'అధోగృహ సహాయకుడు' అని పర్మనెంటు చేశారు. పొద్దున్నే లోపలికి దూరేవాడు, సాయంత్రం బయటపడేవాడు. మా ఇంటి కింద ఒక మనిషి ఉద్యోగం చేస్తుంటే పైన మేం నడవడానికే మొహమాటపడేవాళ్లం. వీరవేణి అయితే రోట్లో పచ్చడి నూరే ముందు, "నూకరాజూ, కాస్త దడదడలాడుతుంది, ఏమనుకోకు," అని నేలకేసి చెప్పేది. "పర్లేదండి ఆయ్!" అని కింద నుంచి వినపడేది.

ఒకరోజు నాకు సందేహం వచ్చి తలుపు దగ్గర బోర్లా పడుకుని అడిగాను. "నూకరాజూ, ఆ బకెట్ నీళ్లు బయటికి తేవడం ఎన్నడూ చూళ్లేదు. ఎక్కడ పోస్తున్నావయ్యా?"

"ఇక్కడేనండి ఆయ్."

"ఇక్కడంటే, ఇంటి కిందేనా?"

"మరేనండి. తీసిన తేమ ప్రభుత్వ ఆస్తండి. ఆడిట్ అయ్యేదాకా ప్రాంగణం దాటకూడదని మెమో ఇచ్చారండి. బకెట్టేమో ఒక్కటేనండి. నిండితే ఒలకబొయ్యాలి కదండి."

"అయితే పోసిన నీళ్లే మళ్లీ తోడుతున్నావన్నమాట!"

"అందుకేనండి మనింటికి అంత మంచి పేరు. ఎన్ని లీటర్లు తీస్తే అంత గొప్పండి. ఆఫీసులో మన ఇల్లే ఫస్టండి!" అన్నాడు నూకరాజు, వాడి గొంతులో నిజంగానే గర్వం ఉంది.

శ్రావణంలో గోదారి కొంచెం పొంగింది. పెద్ద వరదేం కాదు, ఏటా వచ్చిపోయేదే. కాకపోతే ఈసారి రావడానికి ఇటుక సందుల్లో దారి దొరికింది గానీ పోవడానికి దొరకలేదు. మా ఇంటి కిందే మకాం పెట్టింది. నూకరాజుకి చేతినిండా పని. మా లీటర్ల లెక్క జిల్లా దాటి రాజధాని దాకా వెళ్లిందట. పైన మా నడిమి గది నేల మాత్రం చెమర్చడం మొదలెట్టింది. పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ తడి. వీరవేణి జాడీలన్నిటినీ చెక్క బల్లలెక్కించింది. పొడిబట్ట పెట్టి రోజంతా తుడిచేది.

ఓ మధ్యాహ్నం అన్నానికి పిలుస్తుందని చూసి చూసి నేనే లోపలికెళ్లాను. నడిమి గదిలో గోడకి జారగిలబడి కూచుని ఉంది. ఎదురుగా మేరీరత్నం జాడీ, మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి ఉంది. పైన తెల్లగా బూజు.

"ఎవరితోనూ అనకండి," అంది.

"ఇందులో నీ తప్పేముందే? కింద వాళ్లు చేసిన నిర్వాకానికి..."

"బూజు పడితే ఎవరూ తేమ అనరండి. చెయ్యి అంటారు."

ముప్ఫై ఏళ్లుగా పోగేసుకున్న పేరు అది. పెళ్లికి పిలిస్తే ఈవిడకి పేరంటం కంటే ముందు ఆవకాయ అప్పజెప్పేవాళ్లు. ఆ గర్వం ఆవిడ ఎప్పుడూ పైకి చెప్పలేదు గానీ, నాకు తెలుసు.

లేచి చేతులు పొడిగా తుడుచుకుంది. మేరీరత్నం జాడీలో ఉన్నది తీసి పెరట్లో పాతిపెట్టింది. జాడీ కడిగి ఎండబెట్టి, మా జాడీలోది తీసి అందులో నింపింది. వాసెన ఎప్పట్లాగే కట్టేసింది. తర్వాత ఇంకో ఇంటి వాళ్లది. ఆ తర్వాత మరో ఇంటిది. ఎవరి జాడీ పాడైతే వాళ్లకి మాది వెళ్లేది. ఈ ఏడు మాది పెద్ద జాడీయే పెట్టింది. అయినా ఆశ్వయుజం వచ్చేసరికి అడుగు కనపడింది. పెరుగన్నంలోకి ఉప్పుగల్లు నంజుకుని తినడం నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే, కళ్లు మూసుకుని మింగడం. ఆవకాయ లేని అన్నం ముందు కూచుంటే నాకు ఏడుపొచ్చేది, సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఇక లాభం లేదని త్రివిక్రమరావు గారి ఆఫీసుకెళ్లాను. నేల చెమరుస్తోందని మొర పెట్టుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నాకు షేక్‌హ్యాండిచ్చారు.

"శుభం! పథకం ఫలిస్తోందనడానికి ఇంతకంటే నిదర్శనమేముంది? మా ఒత్తిడికి తట్టుకోలేక తేమ పైకి పారిపోతోంది."

"పారిపోయి మా ఇంట్లోకొస్తోందండీ!"

"అది మా పరిధి కాదు మాస్టారూ. మాది అధోభాగం. ఊర్ధ్వభాగానికి ప్రత్యేక శాఖ ఏర్పాటు విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది. అప్పటిదాకా లబ్ధిదారులు సహకరించాలి." ఆగి, గొంతు తగ్గించి అన్నారు. "మీకొక శుభవార్త. ఈ ఏడాది 'ఉత్తమ అధోగృహం' మీదే. కార్తీకంలో మీ ఇంట్లోనే సభ. భోజనానికి మాత్రం హడావుడి పెట్టుకోవద్దు. మీ ఆవిడ గారి ఆవకాయ ఉంటే చాలు."

ఇంటికొచ్చి చెబితే వీరవేణి వెళ్లి మా జాడీ మూత తీసి, అడుక్కేసి చూసి, మళ్లీ మూసేసింది.

సభ రోజు రానే వచ్చింది, వాకిట్లో మళ్లీ షామియానా లేచింది. కాలనీ అంతా మా ఇంట్లోనే ఉంది. నాకు శాలువా కప్పారు, వీరవేణికి ఒక కుంకుమ భరిణె ఇచ్చారు, నూకరాజుకి చప్పట్లు కొట్టారు. మాలో ఎవరికీ ఎందుకో తెలీకపోయినా అందరం కొట్టాం. అయ్యాక నడవలో విస్తళ్లు వేశారు. పప్పు వడ్డించారు, నెయ్యి వడ్డించారు. త్రివిక్రమరావు గారు చెయ్యి విస్తరి మీద పెట్టుకుని చూస్తున్నారు.

"అమ్మా, ఆవకాయ?"

"లేదండి," అంది వీరవేణి.

ఆయన నడిమి గదిలోకి తొంగి చూశారు. "అదేమిటి, వరసగా అన్ని జాడీలున్నాయి కదా?"

"అవన్నీ వాళ్లవండి. మాది ఈ ఏడు పెట్టలేదు."

ఆవిడ ఆ అబద్ధం అంత తల దించుకుని చెప్పడం చూశాక నాకు ఒళ్లు మండింది. "పెట్టకపోవడమేంటి!" అని అరిచాను. "పెట్టింది! మీ తేమ వల్ల వీళ్ల జాడీలన్నీ బూజు పడితే, మా దాంట్లోంచి తీసి ఒక్కొక్కటీ నింపింది! మా జాడీ ఖాళీ! ఇదిగో, చూసుకోండి!" జాడీ తెచ్చి అందరి ముందూ బోర్లించాను. వీరవేణి నన్ను నమిలి మింగేసేలా చూసింది.

మేరీరత్నం విస్తరి ముందు నుంచి లేచి నిలబడింది.

త్రివిక్రమరావు గారు మాత్రం చలించలేదు. "అసాధ్యం. ఈ గృహం కింద నుంచి వేల లీటర్ల తేమ తీశాం. తేమ ఉండే ప్రసక్తే లేదు. ఊహాగానాలొద్దు, శాస్త్రీయంగా తేల్చేద్దాం. నూకరాజూ, పరికరం!"

చప్పట్లయ్యాక మళ్లీ డ్యూటీలోకి దూరిన నూకరాజు అప్పుడే మా ఇంటి కింద నుంచి పాక్కుంటూ వచ్చాడు. చేతిలో పరికరం, సూది నుంచి నీళ్లు కారుతున్నాయి. త్రివిక్రమరావు గారు దాన్నందుకుని, గబగబా నడిమి గదిలోకెళ్లి, చేతికందిన జాడీ వాసెన లాగి, ఆ సూదిని ఆవకాయలో కస్సున దించేశారు.

"తడి!" అని కేక పెట్టింది వీరవేణి.

"అయ్యో అయ్యో, తడి! నా జాడీ!" అని గుండెలు బాదుకుంది మేరీరత్నం.

"తొమ్మిది!" అన్నారు త్రివిక్రమరావు గారు విజయగర్వంతో. "చూశారా? తొమ్మిదే!"

ఆ తొమ్మిది ఎవరూ వినలేదు. కాలనీ వాళ్లు గోడలు కట్టినప్పుడు ఊరుకున్నారు. కోడిని వెళ్లగొడితే ఊరుకున్నారు. నేలలు చెమరిస్తే గోనెసంచులు పరుచుకుని ఊరుకున్నారు. ఆవకాయలో తడి సూది గుచ్చితే ఎలా ఊరుకుంటారండీ? ఇంకా నయం, ఆయన్నే ఏమీ చెయ్యలేదు. మేరీరత్నం కొంగు బిగించి వాళ్ల ఇంట్లోకి పరిగెత్తి గునపంతో వచ్చింది. వెనకే మరో నలుగురు పలుగులతో. నేను చాలా ఏళ్ల తర్వాత గొంతెత్తాను.

"స్క్వాడ్! ఎబౌట్ టర్న్! ఇంటి కిందకి, క్విక్ మార్చ్!"

నాలుగు దెబ్బలకి మొదటి ఇటుక ఊడింది. ఐదో దెబ్బ వెయ్యాల్సిన అవసరం రాలేదు. లోపల మగ్గిన నీళ్లన్నీ ఒక్కసారిగా గోడని తోసుకుని బయటపడ్డాయి. ఆపుదామని మెట్లు దిగొచ్చిన త్రివిక్రమరావు గారి బూట్లని తడుపుకుంటూ, షామియానా కింద నుంచి, ప్రభుత్వ ఆస్తి యావత్తూ ప్రాంగణం దాటి గోదారి దారి పట్టింది. నూకరాజు బకెట్టు పట్టుకుని రెండడుగులు దాని వెనక పరిగెత్తి, ఆగిపోయాడు.

"నా ఆడిట్!" అన్నారు త్రివిక్రమరావు గారు.

ఆ సాయంత్రానికి పన్నెండిళ్ల కిందా గోడన్నది లేదు. దీపాలు పెట్టే వేళకి ఒక్కొక్కరే మా ఇంటికొచ్చారు. చేతిలో చిన్న గిన్నె, గిన్నెలో ఆవకాయ. గుమ్మం బయటే కాళ్లు తుడుచుకుని, చేతులు తుడుచుకుని, పొడి గరిటెతో మా జాడీలో వేసి వెళ్లారు. మేరీరత్నం ఆఖర్న వచ్చింది, ఖాళీ గిన్నెతో, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నా దాంట్లోంచి తేలేకపోయానక్కా. తడి తగిలింది," అని భోరుమంది.

వీరవేణి ఆవిడ చేతిలో గిన్నె తీసుకుని, మా జాడీలోంచే నిండా వేసిచ్చింది. "వచ్చే ఏడు పెద్ద కాయలు తే. దగ్గరుండి కలుపుతాను," అంది. మేరీరత్నం ఆ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను బయటికెళ్లి కాసేపు గోదారి కేసి చూశాను. ఇంట్లో ఉంటే నేనూ ఏడ్చేవాణ్ణి.

మా మీద కేసు పెడతారని భయపడ్డాం. కొన్నాళ్లకి నూకరాజు వచ్చి మా ఇంటి కింద సూది గుచ్చితే పంతొమ్మిది వచ్చింది. గోడలు కట్టక మునుపటి కన్నా తక్కువ! ఆ అంకె పైకెళ్లింది, పైనుంచి ఉత్తర్వు కిందికొచ్చింది. సంస్థ రెండో దశలోకి అడుగు పెట్టిందట. దాని పేరు 'అధోగృహ వాయు ద్వారాల పథకం'. ప్రతి ఇంటి కిందా గాలి కోసం ద్వారాలు తెరవాలి. నాలుగు వైపులా నిండుగా ద్వారాలున్న ఇళ్లుగా మా కాలనీ రాష్ట్రానికే ఆదర్శం. ఆ కోళ్లని కూడా 'సహజ తేమ సూచికలు' అని తిరిగి రానిచ్చారు.

త్రివిక్రమరావు గారే వచ్చి ద్వారాలు ప్రారంభించారు. నల్లరాతి మీద ఆయన పేరు చెక్కించి తెచ్చారు. తీరా చూస్తే దాన్ని బిగించడానికి గోడ లేదు. గోడ మంజూరయ్యేదాకా మీ దగ్గరుంచండి మాస్టారూ, అని నాకే అప్పజెప్పారు.

కొబ్బరికాయ కొట్టాక మళ్లీ విస్తళ్లు వేశాం. ఆయన పెరట్లో చెయ్యి కడుక్కుని వస్తూ అడిగారు. "ఇంతకీ మా శిలాఫలకం ఎక్కడ పెట్టారు?"

"నడిమి గదిలోనండి," అన్నాను. "ఆవకాయ జాడీ కింద. నున్నగా, చదునుగా భలే కుదిరిందండి."

చూడాలని ఆయన గదిలోకి అడుగు పెట్టబోయారు.

"హాల్ట్!" అంది వీరవేణి.

డైరెక్టరు గారు ఒక కాలు గాల్లో ఉండగా ఆగిపోయారు. ఆవిడ ఆయన చేతికేసి చూపించింది. వేళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన జేబులు తడుముకున్నారు, రుమాలు లేదు. నా భుజం మీద తువ్వాలు కేసి చూశారు. నేను దాన్ని ఇంకాస్త సర్దుకున్నాను.

ఇంక చేసేది లేక ఆయన వీధి మెట్ల మీదికెళ్లారు. ఇంటి కింద నుంచి గోదారి గాలి చల్లగా తోసుకొస్తోంది. రెండు చేతులూ కిందకి చాపి ఆ గాలికి ఆరబెట్టుకుంటూ నిలబడ్డారు. ఎంతోసేపు పట్టలేదు.